విహారానికి అప్పు దేనికి?

మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ‘ఫారిన్’ అనే మాటకు ఒకప్పుడు రెండే అర్థాలుండేవి. ఒకటి, పొట్టకూటి కోసం గల్ఫ్‌కు పోవడం. రెండోది, అల్లాహ్ పిలుపు అందుకున్న అదృష్టవంతులు హజ్‌కు పోవడం. ఈ నేల నుంచి పలక రాయి ఓడలెక్కి దేశదేశాలకు పోయిందేగాని, ఆ రాయిని కోసిన చేతులు సరదాకు పొలిమేర దాటింది లేదు. ఇప్పుడు కాలం మారింది. పాతికేళ్లు ఉద్యోగం చేసినవారు, బజారులో చిన్న దుకాణం నడిపేవారు, పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో కుదురుకున్నవారు సెలవుల్లో భార్యాబిడ్డలతో నాలుగు రోజులు దుబాయో, కౌలాలంపూరో, కొలంబోనో చూసి రావాలనుకుంటున్నారు. జుమా నమాజు ముగిసి మస్జిద్ మెట్లు దిగేటప్పుడు ఈ ముచ్చట తరచు మా చెవిన పడుతోంది.

దీనిపై మన ఇళ్లలో రెండు రకాల వాదనలున్నాయి. పెద్దలు ‘ఇదంతా ఇస్రాఫ్, వట్టి దుబారా’ అంటారు. కుర్రకారు ‘బతికేది ఒక్కసారే, డబ్బు లేకపోతే వాయిదాలున్నాయి కదా’ అంటారు. మా దృష్టిలో ఈ ఇద్దరి మాటలోనూ సగం పొరపాటు ఉంది. ప్రయాణం తప్పు కాదు. అప్పు చేసి ప్రయాణించడమే తప్పు.

ముందు పెద్దల మాట చూద్దాం. భూమ్మీద సంచరించి, గడచిపోయిన జాతుల పర్యవసానం ఏమైందో కళ్లారా చూడమని దివ్య ఖుర్ఆన్ ఒకచోట కాదు, అనేక చోట్ల మానవుణ్ణి హెచ్చరించింది. ఇబ్నె బతూతా 1325లో 21 ఏళ్ల వయసులో తన సొంతూరు తాంజియర్ నుంచి హజ్‌కని బయలుదేరి, దారి పొడవునా లోకాన్ని చూశాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ఢిల్లీలో ఖాజీగా పనిచేశాడు. మాల్దీవుల్లోనూ ఖాజీ పదవి నిర్వహించాడు. 1344లో సింహళానికి వెళ్లి ఆదం శిఖరం ఎక్కాడు. అంతెందుకు? ప్రయాణికుడి కోసం షరీఅత్ నమాజునే తగ్గించింది కదా! మన హనఫీ ఉలమా లెక్క ప్రకారం 48 మైళ్లకు, అంటే సుమారు 77 కిలోమీటర్లకు మించిన దూరం వెళ్లి, ఒకే చోట 15 రోజులకు తక్కువ ఉండదలచిన ముసాఫిర్ నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చదువుతాడు. ఇంత వెసులుబాటు కల్పించిన ధర్మం ప్రయాణాన్ని నేరంగా చూస్తుందా? పిల్లవాడు నాలుగు గోడల మధ్య పదేళ్లలో నేర్వనిది పరాయి ఊళ్లో నాలుగు రోజుల్లో నేర్వవచ్చు. కనుక వెళ్లగలిగినవారిని వెళ్లనివ్వండి.

ఇక కుర్రకారు మాట. ఇక్కడే మేము గట్టిగా చెప్పదలచాం. హజ్ ఇస్లాం మూలస్తంభాల్లో ఒకటి. అంతటి హజ్ కూడా అందరి మీదా ఫర్జ్ కాలేదు. స్తోమత ఉన్నవారి మీదే ఫర్జ్ అయింది. స్తోమత అంటే ఏమిటో ఫుఖహా విడమరచి చెప్పారు. దారి ఖర్చు చేతిలో ఉండాలి, తీర్చవలసిన అప్పులు పోగా మిగిలిన సొమ్ము అయి ఉండాలి, తిరిగి వచ్చేదాకా ఇంటి దగ్గర ఆధారపడినవారి పోషణకు లోటు ఉండకూడదు. కాబా దర్శనానికే ఇన్ని షరతులుంటే, ఎత్తయిన మేడలు చూసి రావడానికి ఏ షరతూ లేదా? ఫర్జ్ కోసమే అప్పు చేయనక్కరలేదన్న ధర్మంలో ఉంటూ, సరదా కోసం వడ్డీకి తెచ్చుకోవడం ఎంత విడ్డూరం!

ధర్మం సంగతి అలా ఉంచి, ఉత్త లెక్క చూసినా ఇది నష్టమే. నలుగురున్న కుటుంబం 1 లక్షా 80 వేల రూపాయలతో వెళ్లి రావాలనుకుందని ఉదాహరణకు అనుకుందాం. ఆ మొత్తాన్ని మన ఊళ్ల లెక్కన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,600 రూపాయలు వడ్డీకే పోతుంది. రెండేళ్లు అసలు తీర్చలేకపోతే 86,400 రూపాయలు చెల్లించీ అసలు అలాగే ఉంటుంది. అదే కుటుంబం నెలకు 5 వేల చొప్పున మూడేళ్లు దాచుకుంటే సరిగ్గా ఆ 1 లక్షా 80 వేలు చేతికొస్తాయి, ఎవరికీ పైసా బాకీ ఉండదు. మూడేళ్లు ఓపిక పట్టలేని ఆత్రానికి మనం కట్టే జరిమానా పేరే వడ్డీ. నాలుగు రోజుల సంబరం ఏళ్ల తరబడి వాయిదాల రూపంలో ఇంట్లో తిష్ఠ వేస్తే, ఆ ప్రయాణం ముగిసిందని ఎలా అనగలం?

మరీ బాధ కలిగించే సంగతి బంగారం తాకట్టు. చాలా ఇళ్లలో నిలవ ఉన్న ఆస్తి అంటే ఇల్లాలి ఒంటి మీది నగలే. వాటిని బ్యాంకులో కుదువపెట్టి, ఆ డబ్బుతో ఆమెనే విహారానికి తీసుకువెళ్లి, ‘నీకు దేశాలు చూపించాను’ అనే భర్తలున్నారు. అయ్యా, ఆమె సొమ్ముతో ఆమెకు చూపించి మీరు చేసిన ఉపకారం ఏమిటి? పైగా ఎందరి ఇళ్లలో మహర్ ఈనాటికీ కాగితం మీదే ఉంది? చెల్లించని మహర్ భర్త మెడ మీద అప్పే. పనివాడి కూలి బాకీ, చెల్లించని జకాత్, పంచి ఇవ్వని అక్కచెల్లెళ్ల వాటా, ఇవన్నీ అప్పులే. టికెట్టు కొనకముందు ఈ బాకీల చిట్టా తీయండి. అవి తీరాక మిగిలిందే మీ విహారపు సొమ్ము.

‘చిన్న ఆదాయంతో అంత కూడబెట్టడం అయ్యే పనేనా?’ అని పాఠకులు అడగవచ్చు. దీనికి జవాబు ఆ కౌలాలంపూర్ నగరంలోనే ఉంది. మలయా పల్లెల్లోని ముస్లింలు హజ్ కోసం డబ్బును ఇంట్లోనే దాచుకునేవారు, చాలక పొలాలూ పశువులూ అమ్ముకుని వెళ్లేవారు, తిరిగి వచ్చాక పేదరికంలో పడేవారు. ఈ దుస్థితి చూసి ఉంగ్కు అబ్దుల్ అజీజ్ అనే ఆర్థికవేత్త 1959లో ఒక పథకం ప్రతిపాదించారు. దాని ఫలితంగా 1963లో పొదుపు సంస్థ ఒకటి మొదలైంది. అదే నేటి ‘తాబుంగ్ హాజీ’. రైతులూ కూలీలూ చిన్న మొత్తాలు జమ చేస్తారు. వాటిపై వడ్డీ ఉండదు, హలాల్ వ్యాపారాల్లో పెట్టిన పెట్టుబడి మీద వచ్చిన లాభంలో వాటా ఉంటుంది. ఏళ్ల తరబడి అలా పోగుచేసుకున్న సొమ్ముతో, పొలం అమ్ముకోకుండా, వారు హజ్ చేసి వస్తారు. కౌలాలంపూర్ వెళ్లినవారు నడుము సన్నగా ఉండే ఆ సంస్థ భవనాన్ని పిల్లలకు తప్పక చూపించాలి. ఆకాశాన్నంటే జంట గోపురాలకన్నా మనకు ఎక్కువ పాఠం చెప్పేది అదే. మనకు అంతటి సంస్థ లేకపోవచ్చు. ఇంట్లో ఒక డబ్బా, బ్యాంకులో విడిగా ఒక ఖాతా, నెల మొదటి తారీఖున తప్పని ఒక అలవాటు ఉంటే చాలు.

ఇక వెళ్లదలచినవారికి కొన్ని ఆచరణాత్మకమైన మాటలు.

మొదటిది, పేర్లు. మన ఇళ్లలో తండ్రి ‘షేక్’ ఇంగ్లీషు స్పెల్లింగు ఒకలా, కొడుకుది మరోలా ఉంటుంది. ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్లో మరొకటి. పెద్దవయసు స్త్రీలకైతే ఇంటి పేరే లేకుండా ఒంటి పేరు రాసి ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్న వారిని విజిట్ వీసాపై అనుమతించబోమని 2022 నవంబరులో ఎమిరేట్స్ ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటి పేరో ఉంటే సరిపోతుందని తర్వాత సడలించింది. కనుక కాగితాలన్నీ ఒకే తీరుగా సరిచేసుకున్నాకే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. సాధారణ పద్ధతిలో పెద్దలకు 1,500, పిల్లలకు 1,000 రూపాయల రుసుము ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలుంటే 5 వేలు. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది. పిల్లలది అయిదేళ్లకో, 18 ఏళ్లు నిండేసరికో ముగుస్తుంది. గడువు ఆరు నెలలైనా మిగిలి ఉందో లేదో చూసుకోవాలి.

రెండోది, వీసా. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేకుండా ప్రవేశం కల్పించింది. ఆ సడలింపును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఆగమన పత్రం నింపాలి, దానికి రుసుము లేదు. ‘మేం నింపిపెడతాం’ అని వేలకు వేలు అడిగేవారిని నమ్మకండి. ఇటువంటి నిబంధనలు ఏ దేశంలోనైనా మారుతుంటాయి గనుక టికెట్టు కొనేరోజున ఆ దేశ అధికారిక ప్రకటనను ఒకసారి సరిచూసుకోవడం వివేకం.

మూడోది, కంటికి కనిపించని ఖర్చులు. చవక టికెట్టులో తరచు చేతి సంచికే అనుమతి ఉంటుంది, పెట్టెకు వేరే కట్టాలి. దసరా, సంక్రాంతి సెలవుల్లో ధరలు రెక్కలు విప్పుకుంటాయి. వేసవిలో వారం మధ్యన బయలుదేరేవారు కొంత మిగుల్చుకోగలరు. మలేషియాలో విదేశీయులు హోటలు గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను అదనంగా కట్టాలి. నాలుగు రాత్రులకు ఒక గదికి 40 రింగిట్లు. విమానాశ్రయం నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరం. వేగపు రైలుకన్నా బస్సు చవక. ఏజెంటు ప్యాకేజీ తీసుకుంటే బిల్లులో ముందస్తుగా వసూలు చేసే పన్ను ఒకటి కలుస్తుంది. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు భద్రపరచండి.

నాలుగోది, మన గుమ్మం నుంచి శంషాబాదు దాకా అయ్యే ఖర్చు. దీన్ని చాలామంది లెక్కలో వేయరు. దోర్నాల, శ్రీశైలం మీదుగా అడవి దారిలో రాత్రిపూట అటవీ శాఖ వాహనాలను ఆపేస్తుంది. తెల్లవారుజామున విమానం ఉన్నవారు ఆ దారిని నమ్ముకుంటే గేటు దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. పగలే బయలుదేరాలి. లేదా ఎర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా వెళ్లాలి.

అయిదోది, ఒకే నగరం. నాలుగు రోజుల్లో మూడు దేశాలు చుట్టాలన్న ఆశ వద్దు. కౌలాలంపూర్‌లోనే చూడండి. రెండు నదులు కలిసే చోట 1909లో తెరచిన జామెక్ మస్జిద్, నడిచి వెళ్లగల దూరంలో భారతీయ ముస్లింలు కట్టుకున్న మస్జిద్ ఇండియా, 1957లో స్వతంత్ర పతాకం ఎగిరిన మెర్దెకా మైదానం ఉన్నాయి. 1965లో తెరచిన జాతీయ మస్జిద్ పక్కనే ఇస్లామీ కళల మ్యూజియం ఉంది. మస్జిద్‌లకు టికెట్టు లేదు. 452 మీటర్ల జంట గోపురాలను కింద పార్కులో కూర్చుని చూస్తే పైసా ఖర్చు కాదు, పైకెక్కితేనే డబ్బు. తిండికీ దిగులు లేదు. తమిళ ముస్లింల ‘మామక్’ హోటళ్లలో మన పరోటాకు అన్నదమ్ముల్లాంటి రొట్టె హలాల్‌గా, చవకగా దొరుకుతుంది. తరాల కిందట తోటల్లో పనికి వెళ్లిన తెలుగువారి సంతతి కూడా ఆ దేశంలో ఉంది. 1955 నుంచీ వారికొక సంఘం ఉంది. పరాయి గడ్డ మీద తెలుగు మాట వినబడితే పిల్లల ముఖాలు ఎలా వికసిస్తాయో వేరే చెప్పాలా?

మరొక ముఖ్యమైన మాట. ఈ పథకం తండ్రి ఒక్కడి నిర్ణయం కారాదు. అమ్మీని, పిల్లల్ని, ఇంట్లో దాదీ ఉంటే ఆమెనూ కూర్చోబెట్టుకుని మష్వరా చేయండి. మన మార్కాపురం పలక ఒకటి తెచ్చి ఖర్చులన్నీ పిల్లల చేతనే రాయించండి. దేన్ని చెరిపేయాలో వారినే చెప్పనివ్వండి. ఆ ఒక్క సాయంత్రం వారు నేర్చుకునే లెక్క బళ్లో నేర్చినదానికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంట్లో మంచం పట్టిన పెద్దలుంటే వారిని చూసుకునే మనిషిని ఏర్పాటు చేయకుండా కదలకండి. తిరిగి వచ్చాక ఫోటోలు చూపి ఇరుగుపొరుగును చిన్నబుచ్చకండి. మీ ఫోటో చూసి మరో ఇంట్లో నగలు తాకట్టుకు పోతే ఆ పాపంలో మనకూ పాలు ఉండదా?

చివరగా, ఇప్పటికి స్తోమత లేనివారు చిన్నబోనక్కరలేదు. కంభం చెరువు మన ముంగిట్లోనే ఉంది. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు కట్టిన ఆ కట్టను 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ కట్ట మీద పిల్లవాణ్ణి నిలబెట్టి ‘నాయనా, శతాబ్దాల కిందటివారు యంత్రాలు లేకుండా దీన్ని ఎలా కట్టారో చూడు’ అని చెప్పని తండ్రి కౌలాలంపూర్‌లో మాత్రం ఏం చెప్పగలడు? చూసే కళ్లు ఇక్కడ అలవడితేనే అక్కడా చూస్తాయి.

ప్రయాణించే స్తోమతనూ, స్తోమత వచ్చేదాకా ఆగే సహనాన్నీ, వడ్డీ మచ్చలేని సంపాదననూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.