టెన్షన్ తగ్గితే బీపీ మాత్ర మానేయొచ్చా?

మాది మైపాడు దగ్గర ఊరు. నాన్నకు రొయ్యల గుంటలున్నాయి. ఒకసారి డాక్టరు చీటీలో ‘హైపర్‌టెన్షన్’ అని రాసి మాత్రలిచ్చారు. సరుకు అమ్ముడయ్యాక నాన్న వాటిని ఆపేశాడు. అడిగితే, ‘ఇంక టెన్షన్ యాడుంది రా? సరుకు పోయింది గదా!’ అన్నాడు. బీటెక్ చదివిన నాకూ అది సబబుగానే తోచింది. నెల తర్వాత చెకప్‌కు వెళ్తే బీపీ 170 దాటింది.

హైపర్‌టెన్షన్ అంటే మనసులోని ఆందోళన కాదు. రక్తనాళాల గోడల మీద రక్తం ఒత్తిడి ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉండటం. చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. మాత్ర ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. మనమేమో కోపాన్ని ‘బీపీ’ అంటాం, భయాన్ని ‘టెన్షన్’ అంటాం. ఆ అలవాటే మందుల చీటీ దగ్గర మనల్ని దెబ్బతీస్తుంది. అలాగే ‘క్రానిక్’ అంటే ముదిరిపోయింది అనుకుంటారు. దాని అర్థం దీర్ఘకాలంగా ఉన్నదని మాత్రమే. హఠాత్తుగా వచ్చింది ‘అక్యూట్’.

మనసుకు సంబంధించిన మాటల్లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. క్యాంపస్ డ్రైవ్‌లో రెండో రౌండ్ పోతే ‘డిప్రెషన్‌లో ఉన్నా’ అంటాం. గది నీట్‌గా సర్దుకునేవాడికి ‘ఓసీడీ’ అని పేరు పెడతాం. కానీ డాక్టర్లు డిప్రెషన్ అనేది, దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ కనీసం రెండు వారాలు దాదాపు రోజంతా వెంటాడుతూ, నిద్ర, ఆకలి, ఏకాగ్రత లాంటివి కూడా దెబ్బతిన్నప్పుడు. ఓసీడీ శుభ్రత మీద ఇష్టం కాదు. వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి నుంచి ఊరట కోసం చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాల్సి రావడం.

నేను చెన్నైలో ఉద్యోగం కోసం తిరిగే రోజుల్లో మా రూమ్‌మేట్ ‘డిప్రెషన్‌గా ఉందిరా’ అన్నాడు. ‘మాకు లేదా?’ అని నవ్వేశాం. మూడు వారాలుగా వాడికి నిద్రలేదని, క్రికెట్ కూడా చూడటం లేదని ఎవరమూ పట్టించుకోలేదు. వాళ్ల అక్క వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు బాగున్నాడు. ఆ మాటను అందరం అరగదీయకపోయి ఉంటే, వాడు చెప్పినప్పుడు మాకు వినపడేది.

ఈ పదాలు తెలుసుకోవడం మీకు మీరే జబ్బు పేరు పెట్టుకోవడానికి కాదు, ఎవరిని కలవాలో తెలియడానికి. సైకియాట్రిస్ట్ వైద్యవిద్య చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఇది. ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

కొలువుల కోణంలోనూ ఇది పనికొచ్చే విద్యే. చెన్నై, హైదరాబాద్ కంపెనీలు మెడికల్ కోడింగ్‌కు లైఫ్ సైన్సెస్, ఫార్మసీ, నర్సింగ్ వాళ్లను తీసుకుంటాయి. అక్కడ హైపర్‌టెన్షన్ కోడ్ ‘ఐ10’, రక్తప్రసరణ జబ్బుల అధ్యాయంలో ఉంటుంది. యాంగ్జయిటీది ‘ఎఫ్41’, మానసిక సమస్యల అధ్యాయం. రెండూ ఒకటే అనుకుంటే క్లెయిమ్ వెనక్కొస్తుంది. ‘హైపర్’ అంటే ఎక్కువ, ‘హైపో’ అంటే తక్కువ, ‘ఐటిస్’ అంటే వాపు, ‘ఎక్టమీ’ అంటే కోసి తీసేయడం. ఈ నాలుగు ముక్కలు వస్తే సగం రిపోర్టు భయపెట్టదు. మన కాలేజీల సాఫ్ట్ స్కిల్స్ క్లాసుల్లో సెమిస్టర్‌కు ఒక్క గంట దీనికి కేటాయిస్తే పోయేదేమీ లేదు.

అప్పటిదాకా ఆగకండి. ఈ ఆదివారం ఇంట్లో మందుల చీటీ ఒకటి తీయండి. తెలియని మాటలు రాసుకుని, వచ్చే చెకప్‌లో డాక్టరునే అడగండి. మా నాన్న ఇప్పుడు సరుకు పోయినా మాత్ర వేసుకుంటున్నాడు.