ఎం.ఎస్. అంటే అమెరికాయేనా?



మా సంఘములో కొబ్బరి దింపు తీసే సహోదరుడొకరున్నారు. ఐనవిల్లి చుట్టుప్రక్కల ఆయన ఎక్కని తోట లేదు. ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ ఇళ్ళకు వెళ్ళినా, ఆయన మాత్రం అరుగుమీదే కూర్చుండిపోయారు. పెద్ద కుమారుడు మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. ఒక కంపెనీవారు ఉద్యోగమిస్తామన్నారు. కుర్రవాడేమో చేరనంటున్నాడు, ఎం.ఎస్. చదువుతానంటున్నాడు.

“అమెరికా పంపే శక్తి నాకెక్కడిదండి అయ్యగారూ? వాడి చదువుకి వడ్డీకి తెచ్చిందే ఇంకా తీరలేదండి. కిందున్న ఆడపిల్ల పెళ్ళికి ఎదిగింది. మీరైనా చెప్పండి వాడికి.”

నేను చెప్పాను. అంతా తెలిసినవాడిలాగే చెప్పాను. “ముందు ఉద్యోగంలో చేరు నాయనా, బాకీ తీర్చు, చదువు ఎక్కడికీ పోదు” అన్నాను. అబ్బాయి తల వంచుకొని అంతా విని, చివరికి, “నేను అమెరికా అనలేదండి, మద్రాసు అన్నానండి” అన్నాడు. తండ్రీ నేనూ ఇద్దరమూ అతడి మాట పూర్తిగా వినకుండానే తీర్పు చెప్పేశామన్నమాట!

మన కోనసీమలో ఎం.ఎస్. అనగానే విమానమూ, తాకట్టు పెట్టిన కొబ్బరి తోటా గుర్తుకొస్తాయి. అందులో ఆశ్చర్యం లేదు. కాని 1959లో ఏర్పడిన మద్రాసు ఐ.ఐ.టి.లో ‘ఎం.ఎస్. రీసెర్చ్’ అనే చదువున్నది. బెంగళూరు ఐ.ఐ.ఎస్.సి.లో ఇటువంటిదాన్నే ఎం.టెక్. రీసెర్చ్ అంటారు. 2008లో మొదలై ఇప్పుడు సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న హైదరాబాదు ఐ.ఐ.టి.లోనూ పరిశోధన ప్రధానంగా సాగే మూడేళ్ళ ఎం.టెక్. ఉన్నది.

మామూలు ఎం.టెక్. రెండేళ్ళు. ఎక్కువ భాగం తరగతులు, పరీక్షలు, చివర ఒక ప్రాజెక్టు. ఈ పరిశోధన చదువులో తరగతులు కొద్దిగానే ఉంటాయి. తక్కిన కాలమంతా ఒక ఆచార్యుని క్రింద ఒకే ఒక ప్రశ్న పట్టుకొని కూర్చోవాలి. ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకములోనూ ఉండదు. చివరికి థీసిస్ రాసి, పరీక్షించేవారి ఎదుట నిలబడి దాన్ని నిలబెట్టుకోవాలి. నేను చదివిన వేదాంత డిప్లొమాలో ఇటువంటి బాధ లేదు. ఏ ప్రశ్నలొస్తాయో మాకు ముందే దాదాపు తెలిసేది!

మెకానికల్ అంటే లేతు మిషనూ నట్లూ బోల్టులే అనుకునేవాణ్ణి. ఇందులో పరిశోధించడానికేముంది? అదే అడిగాను. అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. విజయవాడ వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ పరిశోధకులు వక్క, ఈత, వెదురు నారలను తీసి, వాటి బలాన్ని కొలిచి, 2007లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారట. వాటితోపాటు అరటి నారనూ, కొబ్బరి పీచునూ అదే పద్ధతిలో కొలిచి పోల్చారట. ఇటువంటి నారను ప్లాస్టిక్ బంకలో పొదిగితే బరువు తక్కువగా ఉండే గట్టి పలకలు తయారవుతాయి. అరటి నార గట్టిది, కాని ఎక్కువ సాగదు. కొబ్బరి పీచుకు అంత బలం లేదు, కాని సాగి సాగి తెగుతుంది. చిక్కేమిటంటే ఈ నారలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటాయి, బంకను సరిగా పట్టుకోవు. కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెడితే పట్టు పెరుగుతుంది. ఎక్కువైతే నారే చెడుతుంది. ఎంత ఘాటు, ఎన్ని గంటలు? ఏ రెండు పోగులూ ఒకే లావు ఉండవు గనుక ఎన్నో పోగులను ఒక్కొక్కటిగా యంత్రానికి బిగించి తెగేవరకు లాగి చూడాలి. రోజులు గడిచేది అలాగే.

ఇంకొకటి మనకు మరీ దగ్గరిది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. గ్యాసుతోపాటు వచ్చిన నీరు గొట్టాన్ని లోపలినుండి తినివేసిందని విచారణలో తేలింది. ఇనుము లోపల ఎంత తరిగిందో పైనుండి కనిపెట్టడము కూడా ఈ చదువులోని పనేనట. ఆ మాట విన్నాక నేను చాలాసేపు మాట్లాడలేదు.

డబ్బు సంగతికి వద్దాము. వీటిలో చేరడానికి గేట్ పరీక్ష రాయాలి. మూడు గంటలు, వంద మార్కులు. వచ్చిన స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. దాని తరువాత ఇంటర్వ్యూ ఉంటుంది. గేట్ ద్వారా మాస్టర్స్‌లో చేరి, కాలేజీ లాబుల్లో సహాయపడే విద్యార్థికి ఇటీవలి సంవత్సరాలలో నెలకు 12,400 రూపాయలు ఇస్తున్నారు. జాగ్రత్తగా ఉంటే తిండికీ ఖర్చుకీ సరిపోతుంది. ఇంటికి పంపడానికి మిగలదు. తలిదండ్రులకు ఈ మాట దాచకుండా చెప్పాలి. పైగా రెండేళ్ళన్నది మూడేళ్ళు కావచ్చు. యంత్రం పాడైతే నెలలు పోతాయి. ఆచార్యునితో పొసగక మధ్యలో వదిలేసి వచ్చేవారూ ఉంటారు. ఉద్యోగం దొరక్క కాలక్షేపానికి వెళ్ళదలచినవారికి ఇది తగిన చోటు కాదని నా అభిప్రాయము.

మరి ఈ అబ్బాయి అటువంటివాడో కాదో తేలేదెలా? “నువ్వేం పరిశోధిస్తావో మీ నాన్నకు అర్థమయ్యేలా చెప్పు” అన్నాను. అతడు తడబడుతూ, మధ్యలో ఇంగ్లీషు మాటలు మింగేస్తూ, పీచు గురించి చెప్పాడు. తండ్రి అంతా విని ఒకే ప్రశ్న వేశారు.

“పచ్చి డొక్కల పీచా, ఎండు డొక్కలదా? రెండూ ఒకలా ఉండవురా.”

కుమారునికి జవాబు తోచలేదు. జేబులోంచి కలము తీసి, ఆరాధన పాటల కాగితం వెనుక ఆ మాట రాసుకున్నాడు. తరువాత ఆయనే కొడుకును దగ్గరలోని పీచు మిల్లుకు తీసుకువెళ్ళారు. సాయంత్రము ఇద్దరూ ఒళ్ళంతా పొట్టుతో తిరిగి వచ్చారు.

బాకీ మాత్రం అలాగే ఉంది. అప్పిచ్చినాయన దగ్గరకు గడువు అడగడానికి నన్ను కూడా రమ్మన్నారు, వెళ్ళాను. వడ్డీ తగ్గించలేదు గాని, అసలుకు ఒక సంవత్సరం ఆగుతానన్నాడు. చెల్లెలు మాత్రం తన పెళ్ళికి తొందరేమీ లేదనీ, తాను కూడా డిగ్రీ పూర్తి చేయాలనుకుంటున్నాననీ, ఆ సంగతి ఎవరూ తనను అడగలేదనీ అన్నది.

వచ్చే వారం మద్రాసులో ఇంటర్వ్యూ. కంపెనీవారికి జవాబు రాయడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. అబ్బాయి సంచిలో రెండు పొట్లాలు సర్దుకున్నాడు, ఒకదానిపై ‘పచ్చి’ అనీ, ఇంకొకదానిపై ‘ఎండు’ అనీ రాసి.