ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?

ఇంట్లో నెట్ పోయిందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళడిగే మొదటి ప్రశ్న ఇది. వాళ్ళనేమీ అనను, పాపం వాళ్ళ ముందున్న స్క్రిప్టులో అదే ఉంటుంది. నా గొడవంతా మనవాళ్ళతోనే. ఆఫీసులో సర్వర్ పడిపోతే లాగ్స్ చూడకుండా రీస్టార్ట్ కొట్టినవాణ్ణి మీటింగులో కడిగి పారేస్తాం. అదే మనం ఇంటికొచ్చి రౌటర్ ప్లగ్ పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెడతాం. నెట్ వస్తుంది. ఎల్లుండి మళ్ళీ పోతుంది.

రీస్టార్ట్‌తో నెట్ రాదని కాదు. ఎందుకు పోయిందో చెప్పే ఆధారం కూడా దాంతోనే పోతుంది. చాలా ఇంటి రౌటర్లలో లాగ్ ఉండేది మెమరీలోనే, కరెంటు తీస్తే సఫా. పైగా లేచేటప్పుడు ఐఎస్‌పీతో సెషన్ కొత్తగా కడుతుంది, ఆటోలో పెట్టుంటే వైఫై ఛానెల్ కూడా మళ్ళీ ఎంచుకుంటుంది. వీటిలో ఏది పనిచేసిందో ఇంక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

మా టీములో ఒకాయన ఇలాగే విసిగిపోయి ఏడాదిలో ఇద్దరు ఐఎస్‌పీలను మార్చాడు, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 300 చేశాడు. వాళ్ళావిడ ఇంటినుంచే పని. మీటింగు మధ్యలో మాటలు తెగిపోతుంటే వాళ్ళ మేనేజర్ సన్నగా దెప్పడం కూడా మొదలెట్టాడట. ఓ ఆదివారం వెళ్ళి ఆవిడ కూర్చునే గదిలోంచి 192.168.1.1 ని పింగ్ చేశాను. అంటే వాళ్ళ హాల్లో ఉన్న రౌటర్నే! ఒకసారి 3 మిల్లీసెకన్లు, ఒకసారి 400. ప్యాకెట్ ఇల్లు దాటకముందే చతికిలపడుతుంటే ఐఎస్‌పీ ఏం చేస్తాడు? రౌటర్ టీవీ వెనకాల ఉంది, లాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంది. ఆ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే (1, 6, 11). ఆ అపార్ట్‌మెంటులో కనిపించిన నెట్‌వర్కులు పాతిక పైనే. ఇందులో ప్లాన్ పెంచడమంటే ట్రాఫిక్ జామ్ అయిందని ఇంకో కారు కొనుక్కోవడమే. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, కానీ అది గోడలు సరిగ్గా దాటదు. చివరికి ఆవిడ టేబుల్ దాకా లాన్ వైరు లాగాం. అంతే.

(అన్నట్టు, 300 ప్లాన్ తీసుకుని వైరు మీద కూడా 94 దగ్గరే ఆగిపోతుంటే ముందు వైరునే అనుమానించండి. గిగాబిట్‌కి లోపలి ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. ఒక్క తీగ ఊడినా లింకు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది.)

కాబట్టి ప్లగ్ మీద చెయ్యేసే ముందు రెండు నిమిషాలు ఆగండి. ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంటే కాంతి మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. వందసార్లు ఆపి వేసినా రాదు, ఫైబర్ ఎక్కడైనా మడత పడిందేమో చూసి ఫోన్ చేయడమే. లైట్లు బాగానే ఉంటే ముందు రౌటర్ని, తర్వాత 8.8.8.8 ని, ఆ తర్వాత ఏదైనా సైటు పేరుని పింగ్ చేయండి. నంబరు పలికి పేరు పలకకపోతే గొడవ డీఎన్‌ఎస్‌ది. మీ ఐపీ 169.254తో మొదలైతే మీకు అడ్రసే దొరకలేదు.

ఇంకో సంగతి. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు చాలాసార్లు రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పకుండానే వెళ్ళిపోతాడు. పెట్టె మనింట్లో, తాళం వాళ్ళ దగ్గర! అది లేకపోతే లాగూ చూడలేం, ఛానెలూ మార్చలేం. సంతకం పెట్టేముందే అడిగి రాయించుకోండి. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడు "నెట్ స్లోగా ఉంది" అనకండి. "రౌటర్ దాకా 2 మిల్లీసెకన్లు, బయటికి రాత్రి 8 నుంచి 11 దాకా ప్యాకెట్లు పోతున్నాయి" అని చెప్పండి. అప్పుడు స్క్రిప్టు పక్కన పెట్టి లైను పైవాళ్ళకి ఇవ్వమని గట్టిగా అడగొచ్చు.