అనాతోతు పొలం, శక్కర్‌నగర్ గేటు

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, 2015 డిసెంబర్ 23న, బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారంలో లేఆఫ్ ప్రకటించారు. భయపడవద్దని దూత గొర్రెల కాపరులతో చెప్పిన రాత్రిని తలచుకునే వారంలోనే ఆ కార్మికుల ఇళ్లలోకి భయం వచ్చింది.

1937లో మొదలైన ఫ్యాక్టరీ అది. నిజాంసాగర్ నీళ్లు, చెరకు తోటలు, సీజన్‌లో బారులు తీరే బండ్లు, బోధన్ అంటే అదే. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు యాజమాన్యానికి వెళ్లింది. లేఆఫ్‌తో ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ ఆగాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024 జనవరిలో ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. జీతం ఆగిన ఇంట్లో భయం ఒక్కరోజు వచ్చిపోయే గాలివాన కాదు, ఏళ్ల తరబడి కదలని చుట్టం.

అలాంటి ఇంటికి వెళ్లి, భయపడటం అవిశ్వాసమని గద్దించే బోధకులకు కొదవ లేదు. వాళ్లు యిర్మీయా 32వ అధ్యాయం మళ్లీ చదవాలి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. ప్రవక్త చెరసాల ఆవరణలో ఉన్నాడు. అప్పుడు అనాతోతులోని పొలం కొనమన్నాడు దేవుడు. శత్రుసైన్యం తిరుగుతున్న చోట పొలం! యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షులను పిలిచాడు, క్రయపత్రాలను మంటికుండలో దాచమని బారూకుకు అప్పగించాడు.

మనం తరచూ దాటేసే సంగతి ఆ తర్వాత ఉంది. పత్రాలు అప్పగించాకే అతడు ప్రార్థించాడు. ముట్టడి దిబ్బలు కళ్లెదుటే ఉండగా పొలం కొనమన్నావేమిటన్న కలవరాన్ని ఆ ప్రార్థనలో దాచుకోలేదు. దేవుడు అతన్ని అవిశ్వాసి అనలేదు, జవాబిచ్చాడు. అయినా యిర్మీయా ఆ పొలం దున్నినట్టు లేఖనంలో ఎక్కడా లేదు. చివరికి అతన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు. కాబట్టి ఫ్యాక్టరీ ఫలానా నెలలో తెరుస్తారని వేదికల మీద ప్రవచించే పని మనం పెట్టుకోకూడదు.

మన జిల్లాలో ప్రభువు ఇచ్చే ధైర్యం ఇంతకుముందూ పనిగానే కనబడింది. కుష్ఠు అంటేనే జనం వణికిపోయి రోగిని ఊరవతలికి తరిమే రోజుల్లో, వెస్లియన్ మిషన్ వైద్యురాలు ఇసబెల్ కెర్ డిచ్‌పల్లిలో 1915లో ఆస్పత్రి ఆరంభించారు. దానికి పెద్ద విరాళం ఇచ్చిన నర్సాగౌడ్ హిందువని మరచిపోకూడదు.

బోధన్ పరిసరాల సంఘాలకు ఇప్పుడు కావలసింది బారూకులు. వయసు మళ్లిన కార్మికుని ఇంట్లో పీఎఫ్ కాగితాలు, జీతం చీటీలు ఏ ట్రంకుపెట్టె అడుగునో ఉంటాయి. చదువుకున్న మన యువకులు ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట కూర్చుని వాటిని వరుసలో పెట్టవచ్చు, రావలసిన బకాయికి దరఖాస్తు రాసిపెట్టవచ్చు. ఆ పని ముగించుకుని ఆ ఇంటివాళ్లతో కలిసి మోకరించినప్పుడు, దేవుణ్ణి అడగాలనుకున్నదంతా ఆ పెద్దాయన్నే అడగనివ్వాలి.