అత్తిబెలె దాటితే చెల్లని కాగితాలు

పోయిన ఏడాది జూన్‌లో ఒక ఆదివారం పొద్దున హోసూరులోని మా సంఘం ఆఫీసుకు ఒక తండ్రి వచ్చాడు. గులాబీల వ్యాపారం. కొడుకు ఇక్కడే బీకాం పూర్తి చేశాడు. "అన్నా, మా పిల్లోనికి బెంగళూరులో ఎంబీఏ సీటు ఇస్తామన్నారు. తెలుగోళ్లమని మీ సంఘం లెటర్ ఇస్తే మైనారిటీ కోటాలో ఫీజు తగ్గిస్తారంట. ఒక కాగితం రాసియ్యన్నా" అన్నాడు. నేను 34 ఏళ్లు తాలూకాఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కాగితం రాయమంటే చెయ్యి ముందు కదులుతుంది, బుద్ధి తరువాత. రాసిచ్చాను, సీలు వేశాను. ఆ ప్రైవేటు యూనివర్సిటీ అడ్మిషన్ల కౌంటర్లో ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి వెనక్కి ఇచ్చేశారట. అప్పటికే సీటు కోసమని ఏజెంటుకు 50 వేలు కట్టి ఉన్నారు. చివరికి మొత్తం ఫీజుకే చేర్చారు.

అది ఎందుకు చెల్లలేదో నేను ముందే తెలుసుకుని చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు మళ్లీ అడ్మిషన్ల కాలం వస్తోంది, మళ్లీ అవే లెటర్లు అడుగుతున్నారు. కాబట్టి తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మన పిల్లలు అటువైపు ఎందుకు పోతున్నారో ముందు ఒప్పుకోవాలి. హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే అత్తిబెలె, చందాపుర, ఎలక్ట్రానిక్ సిటీ. 2010 నుంచి కర్ణాటక శాసనసభ ఒక్కొక్క ప్రైవేటు యూనివర్సిటీకి ఒక్కొక్క చట్టం చేస్తూ వచ్చింది, వాటి బోర్డులు మన బస్సు కిటికీలోంచే కనిపిస్తాయి. ఇంకొక కారణం భాష. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. 2021 చివరిలో వచ్చిన ఉత్తర్వుతో టీఎన్‌పీఎస్‌సీ పరీక్షల్లో తమిళ అర్హత పేపరు వచ్చింది. తెలుగు మీడియంలో చదివిన కుటుంబాల్లో సర్కారీ ఉద్యోగం మీద ఆశ సన్నగిల్లింది. ప్రైవేటు యూనివర్సిటీ వాడు ఏ భాషా అడగడు, ఫీజు మాత్రం అడుగుతాడు.

ఇక మైనారిటీ సంగతి. 2002 అక్టోబరు 31న టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు 11 మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది ఏమిటంటే, ఎవరు మైనారిటీ అన్నది దేశం మొత్తం మీద కాదు, రాష్ట్రాన్ని బట్టి చూడాలి. మనం తమిళనాడులో భాషా మైనారిటీ. కర్ణాటకలో కూడా తెలుగువారు భాషా మైనారిటీయే, అయితే అది కర్ణాటకలో ఉంటున్న తెలుగువారికి. 2005లో ఇనామ్‌దార్ కేసులో ఏడుగురు జడ్జీలు దీన్ని ఇంకా విప్పి చెప్పారు: మైనారిటీ సంస్థ ముఖ్యంగా తన రాష్ట్రంలోని మైనారిటీ పిల్లల కోసం ఉండాలి, పక్క రాష్ట్రం నుంచి అదే భాష వాళ్లను తెచ్చి సీట్లు నింపుకోవడానికి కాదు. అంటే బెంగళూరులో తెలుగు మైనారిటీ కళాశాల ఉన్నా, హోసూరు పిల్లవాడు అక్కడ బయటివాడే. ఏదో కొద్దిమందిని తీసుకుంటే తీసుకోవచ్చు, హక్కు అని అడగడానికి లేదు.

పైగా మా ఊరి తండ్రి పోయింది మైనారిటీ కళాశాలకు కాదు. అక్కడ కోటాయే లేదు. మైనారిటీ హక్కు 30వ అధికరణ కింద ఆ వర్గం వాళ్లు పెట్టుకుని నడుపుకునే సంస్థకు వస్తుంది. అందరికీ అని పెట్టిన యూనివర్సిటీకి మా సంఘం సీలుతో పనేముంది? ఏజెంటు ఆ మాట ఎందుకు చెప్పాడంటే, తండ్రికి నమ్మకం కలగడానికి. ఆ నమ్మకానికి ముద్ర వేసింది నేను.

కులం సర్టిఫికెట్టుదీ ఇదే కథ. తమిళనాడులో బీసీకి 30, ఎంబీసీకి 20, ఎస్సీకి 18, ఎస్టీకి 1 శాతం. మన తెలుగు కుటుంబాలు చాలావరకు వీటిలో ఏదో ఒకదానిలో ఉన్నాయి. కృష్ణగిరి జిల్లా కాగితం పట్టుకుని కర్ణాటక రాష్ట్ర కోటాలో సీటు అడిగితే రాదు. కర్ణాటక పీజీసెట్ ద్వారా నిండే సర్కారు సీట్లు ఆ రాష్ట్రపు అర్హత ఉన్నవాళ్లకే. ఇక్కడొక చిత్రం ఉంది. ఇంజనీరింగు వంటి కోర్సుల సీఈటీలో కర్ణాటక సరిహద్దు అవతలి కన్నడం వాళ్లకు ఒక దారి పెట్టింది. మాతృభాష కన్నడమో, తుళువో, కొడవయో అయి ఉండాలి. అంటే మా వీధిలో ఎదురింటి కన్నడం అబ్బాయికి ఒక తలుపు తెరిచి ఉంది, పక్కింటి తెలుగు అబ్బాయికి అదే తలుపు గోడ. వాళ్ల మీద నాకు కోపం లేదు, తమ వాళ్లను వాళ్లు మరచిపోలేదు, అంతే. మనకు అటువంటిది ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ చేయలేదు. ఐసెట్‌లో స్థానికత 371డి అధికరణ కింద వచ్చిన ఏర్పాటు. చదువో నివాసమో చూపాలి, తాత పుట్టిన ఊరు చూపితే కుదరదు. కుప్పం మనకు పక్కనే ఉన్నా ఆ కాగితాల ముందు మనం దూరపు వాళ్లమే. ఫీజు రీయింబర్స్‌మెంటు మాట ఎత్తనక్కరలేదు.

అన్నీ పోగా మిగిలేది డబ్బు. ఆ లెక్క చూద్దాం, ఇది నాకు బాగా వచ్చిన పని.

ఈ యూనివర్సిటీల్లో ఎంబీఏకు రెండేళ్లకు 8 లక్షల నుంచి 15 లక్షల దాకా చెబుతున్నారు. మధ్యలో 10 లక్షలు అప్పు అనుకుందాం, వడ్డీ 11 శాతం. మొదటి ఏడు 5 లక్షలు, రెండో ఏడు 5 లక్షలు బ్యాంకు ఇస్తుంది. చదువు రెండేళ్లు, ఆ పైన ఒక ఏడాది వాయిదా కట్టనక్కరలేదు. కానీ వడ్డీ ఆగదు. మొదటి 5 లక్షల మీద మూడేళ్లకు 1,65,000, రెండో దాని మీద రెండేళ్లకు 1,10,000. మొత్తం 2,75,000. మొదటి వాయిదా రోజుకే అప్పు 12,75,000 అయి కూర్చుంటుంది. పదేళ్ల గడువు పెట్టుకుంటే నెలకు దాదాపు 17,560 రూపాయలు. ఆ గులాబీల ఆయన కొడుకు కన్నా ముందు ఇలాగే చదివిన మా వీధి అబ్బాయి ఒకడు చందాపురలో ఒక ఫైనాన్సు కంపెనీలో 23 వేలకు చేరాడు. వాడి నాన్నే ఇప్పటికీ వాయిదా కడుతున్నాడు.

ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు మామూలుగా ఆస్తి హామీ అడుగుతుంది. మన దగ్గర అంటే పట్టా భూమి. ఇక్కడే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం పనికొస్తుంది. హామీ ఆస్తి అక్కరలేదు, పూచీకత్తు మనిషీ అక్కరలేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల దాకా అప్పు మీద వాయిదాలు మొదలయ్యే వరకు వడ్డీలో 3 శాతం కేంద్రం భరిస్తుంది. అయితే ఈ పథకం విద్యార్థిని బట్టి కాదు, సంస్థను బట్టి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా చేసిన జాబితాలో ఆ యూనివర్సిటీ పేరు ఉండాలి. మొదటి జాబితాలో దేశం మొత్తానికి 860 సంస్థలు. బస్సు కిటికీలోంచి కనిపించే బోర్డులన్నీ అందులో ఉండవు. సీటు ఖాయం చేసుకునే ముందు బ్యాంకుకు పోయి "ఈ పేరు ఆ జాబితాలో ఉందా" అని ఒక్క మాట అడగండి. ఫీజు కట్టిన తరువాత అడిగితే లాభం లేదు.

ప్లేస్‌మెంటు గురించి బ్రోచర్‌లో ఉండేది అత్యధిక జీతం. ఒక్కడికి వచ్చినది అందరి ఫోటో మీద వేస్తారు. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు చేసిన ప్రతి సంస్థా తాను ఇచ్చిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది గడువులో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్య జీతం ఎంత అని నాలుగు అంకెలు ఉంటాయి. 'మేనేజ్‌మెంట్' విభాగం కాగితమే తీసుకోండి. యూనివర్సిటీ మొత్తానిది తీసుకుంటే ఇతర పీజీల లెక్కలు కలిసిపోతాయి. అసలు ఆ కాగితమే పెట్టకపోతే అదీ ఒక జవాబే.

ఇంకొక రకం ఉంది, హోసూరులోనే గది అద్దెకు తీసుకుని ఎక్కడో ఉత్తరాది రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీ ఎంబీఏ ఇప్పిస్తామనేవాళ్లు. దీని మీద ఎక్కువ మాటలు అనవసరం. ఛత్తీస్‌గఢ్ 2002లో చేసిన చట్టం కింద 112 ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ కోర్టుకు పోతే 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును కొట్టేసింది. రాష్ట్ర చట్టంతో వచ్చిన యూనివర్సిటీ తన రాష్ట్రం దాటి స్టడీ సెంటరు పెట్టకూడదు. ఆన్‌లైన్ ఎంబీఏ వేరు, యూజీసీ అనుమతి ఉన్నదైతే మామూలు డిగ్రీతో సమానమే. దానికి డీఈబీ ఐడీ విద్యార్థే స్వయంగా తీసుకోవాలి, 2024 నుంచి ఇది తప్పనిసరి. ఆ ఐడీ కూడా మేమే చేసిస్తాం అని ఏజెంటు అంటే లేచి వచ్చేయండి.

ఏజెంటుకు కట్టిన డబ్బు సంగతి. యూజీసీ ఫీజు వాపసు నియమాలు గట్టివే. 2024-25కు సెప్టెంబరు 30 లోపు సీటు వదులుకుంటే మొత్తం ఫీజు, అక్టోబరు 31 లోపయితే వెయ్యి రూపాయలకు మించకుండా కోసుకుని మిగతాది తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఏటేటా తేదీలు చూసుకోవాలి. అసలు సర్టిఫికెట్లు సంస్థ దగ్గర అట్టేపెట్టుకోకూడదని 2018లోనే చెప్పింది. కానీ ఇవన్నీ సంస్థకు కట్టిన డబ్బుకు. ఏజెంటు సొంత ఖాతాలో వేసిన 50 వేలకు యూజీసీ ఏం చేస్తుంది? రసీదు మీద యూనివర్సిటీ పేరు లేకపోతే అది ఫీజు కాదు, మీరు వాడికి ఇచ్చిన డబ్బు, అంతే.

మరి ఇటువైపు ఏముంది అంటారా? అన్నా యూనివర్సిటీ పెట్టే టాన్‌సెట్ రాస్తే తమిళనాడులోని ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలల్లో సర్కారు కోటా సీట్లు కౌన్సెలింగులో వస్తాయి. అక్కడ మన బీసీ కాగితం చెల్లుతుంది, ఫీజు కమిటీ నిర్ణయించిన దానికి మించి అడగడానికి లేదు. ఈ రాష్ట్రంలోని తెలుగు మైనారిటీ కళాశాలల్లో మన మాటకు విలువ ఉంది, అయినా నా లెటర్ కన్నా టీసీలో మాతృభాష 'తెలుగు' అని రాసి ఉండటం ఎక్కువ బలం. చాలామంది ఇళ్లల్లో బడిలో చేర్చేటప్పుడు ఏదో ఒకటి రాయించేసి ఉంటారు. ఇప్పుడే తీసి చూసుకోండి. ఇక్కడి కళాశాలలన్నీ మంచివి అని నేను అనను. కొన్నిట్లో పాఠం చెప్పేవాళ్లే ఉండరు. బెంగళూరులో మంచి యూనివర్సిటీ దొరికి, జాబితాలో పేరుండి, ఇంటికి ఆ భారం మోసే శక్తి ఉంటే పోవడంలో తప్పేం లేదు. మా అల్లుడు అట్లా చదివినవాడే, బాగానే ఉన్నాడు.

ఆ గులాబీల ఆయన మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి కూతురి కోసం, అదే యూనివర్సిటీ, అదే లెటర్. "పోయినసారి పని చేయలేదు గదన్నా, ఈసారన్నా గట్టిగా రాయి" అన్నాడు. లెటర్ రాయలేదు. అమ్మాయి టీసీ, ఆదాయం సర్టిఫికెట్టు, బీసీ సర్టిఫికెట్టు వచ్చే ఆదివారం తెమ్మన్నాను. టాన్‌సెట్ దరఖాస్తు ఆఫీసు కంప్యూటర్లోనే నింపుదామని చెప్పాను. ఆయనకు నచ్చలేదు, మొహం చిన్నబుచ్చుకుని పోయాడు. అమ్మాయి మాత్రం సాయంత్రం ఫోన్ చేసి ఎన్ని గంటలకు రావాలి మామా అని అడిగింది. పది గంటలకు రమ్మన్నాను.