గోదావరి ఈత, పరదేశపు చన్నీరు

భీష్మైకాదశినాడు అంతర్వేదిలో, వసిష్ఠ గోదావరి సముద్రమును కలియు చోట, తెల్లవారుజామున స్నానమునకు దిగిన యాత్రికుడు పండ్లు పటపటలాడ ఒడ్డెక్కి నీళ్లు మంచుగడ్డలని చెప్పుట ఏటేట వినుచున్నదే. కాని ఆ చలి నీటిది కాదు, తడియొంటిపై వీచు వేకువగాలిది. మన తీరపు సముద్రము మాఘమాసమున సైతము సుమారు 25 డిగ్రీల వెచ్చదనమును విడువదు. అమలాపురము, రాజోలు కాలువలు గాని, కొత్తపేట ప్రాంతపు గౌతమి గాని అంతకు మిక్కిలి దిగువకు చల్లబడుట అరుదు. రెండు ఎండు కొబ్బరికాయలను పీచుతాటితో జతకట్టి, చంకల క్రింద నుంచుకొని, కాలువరేవులో కాళ్లు కొట్టుట నేర్చిన కోనసీమ పిల్లవానికి నీటివలన భయములు రెండే తెలియును: సుడి యొకటి, ఊబి యొకటి. చలివలన ఈతగాడు మునుగునని అతనికి చెప్పినవారు లేరు. చెప్పవలసిన యగత్యము మన పెద్దలకు కలుగను లేదు.

ఇప్పుడు కలిగినది. మన లంకలలోను అగ్రహారములలోను పుట్టిన బిడ్డలు శాన్‌ఫ్రాన్సిస్కోలోను, డబ్లిన్‌లోను కాపురములు పెట్టి, సెలవుదినములందు అచటి సముద్రములలో ఈదుచున్నారు. వారిలో నా మేనల్లుడొకడు, శాన్‌ఫ్రాన్సిస్కో ఆక్వాటిక్ పార్కులో ఈదబోవుచు, వెట్‌సూటు అను రబ్బరుతొడుగును కొనుమని స్నేహితులు బలవంతపెట్టుచుండగా, నాకు ఫోను చేసి, "మావయ్యా, వరద గోదారి ఈదినోణ్ణి, నాకెందుకీ రబ్బరు చొక్కా?" అనెను. ఈ మాటలోని అతిశయము నాకు ముద్దుగా తోచకపోలేదు గాని, ప్రమాదకరముగ కూడ తోచినది.

ఏలనన, ఆ పార్కును ఆనుకొన్న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతములోని నీరు ఏడాది పొడుగున సుమారు 11 మొదలు 16 డిగ్రీల నడుమ నుండును. నీరు దేహోష్ణమును గాలికన్న సుమారు 25 రెట్ల వేగముతో గుంజుకొనును. 15 డిగ్రీలకు లోబడిన నీటిలో అలవాటులేని దేహము హఠాత్తుగా మునిగినచో, మొదటి ఒకటి రెండు నిమిషములలో ఊపిరి మన యిచ్ఛతో పనిలేక ఎగబీల్చును. ఆ క్షణమున నోరు నీటిలో నున్నచో నీరే లోనికి పోవును. ఆ గండము గడచిన పిమ్మట, కొంతసేపటికి వ్రేళ్లు మొద్దుబారును, భుజములు బరువెక్కును, బారలు పొట్టివగును. ఇందులో ఈతనేర్పునకు ప్రమేయమే లేదు. గోదావరిని అడ్డముగా ఈదినవాడును, నిన్న మొన్న బెండ్లు విడిచినవాడును ఈ విషయమున నీటికి సమానులే.

అయినచో 1959 సెప్టెంబరు 29న ఇంగ్లీషు ఛానలును 16 గంటలకు పైగా ఈది, ఆసియా స్త్రీలలో ప్రథమురాలైన ఆరతీ సాహా, మన గంగానదివంటి వెచ్చని నీటిలో పెరిగినదే కదా, ఆమె ఏ తొడుగు తొడిగినదని చదువరి ప్రశ్నింపవచ్చును. సాధారణపు ఈతదుస్తులే గాని వేరు తొడుగు లేదు. 1875లో మాథ్యూ వెబ్ దేహమునకు పార్పాయిస్ అను జలచరపు నూనె పూసికొని దాటిన నాటి సంప్రదాయమును అనుసరించి, ఛానలు ఈతను గుర్తించు సంఘములు నేటికిని వెట్‌సూటు తొడిగి చేసిన ఈతను సాధారణపు ఛానలు ఈతగా లెక్కింపవు. ఆక్వాటిక్ పార్కు ఒడ్డుననే యున్న, 1877లో స్థాపింపబడిన డాల్ఫిన్ క్లబ్బు సభ్యులును తొడుగు లేకుండ ఈదుటయే గౌరవమని భావింతురు. కాని వీరెల్లరు మాసముల తరబడి, కొందరు సంవత్సరముల తరబడి, దేహమును చలికి మచ్చిక చేసినవారు. ఛానలు ఈదువారికి ప్రక్కనే పడవ నడచుచుండును. ఈ రెండును లేనివాడు వారి గౌరవమును మాత్రము అరువు తెచ్చుకొనుట తగదు. మన సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2021లో పాక్ జలసంధిని ఈదినది. ఆ పిమ్మట విశాఖపట్నము నుండి కాకినాడ వరకు సుమారు 150 కిలోమీటర్లు సముద్రమున ఈదినది. మన గర్వమునకు అది చాలును. కాని ఆ రెండును వెచ్చని జలములు.

ఇక ఆ తొడుగు సంగతి. అణ్వస్త్ర నిర్మాణమున పనిచేసిన హ్యూ బ్రాడ్నర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, 1950ల ఆరంభమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో నుండి, ఈతగాడు పొడిగా నుండవలసిన పనియే లేదని గ్రహించెను. ఒంటిని కాపాడునది పొడిదనము కాదు, నియోప్రీన్ అను రబ్బరు నురుగులో బందీలైన సన్నని వాయుబుద్బుదములు. అందుచేత లోనికి కొంచెము నీరు వచ్చినను నష్టము లేదు. వచ్చిన నీరు పోవుచు, క్రొత్త చన్నీరు వచ్చుచు నున్నచోనే నష్టము. కొనువా రెల్లరు మందమును గూర్చి అడుగుదురు. అడుగవలసినది బిగువును గూర్చి. అయిదు మిల్లీమీటర్ల తొడుగు నడుము వెనుక ఉబ్బి నిలిచినచో, బార వేసిన ప్రతిసారియు అచట చన్నీరు తోడిపోసినట్లగును. ఒంటికి అంటుకొన్న మూడు మిల్లీమీటర్లది దానికన్న మేలు.

బిగువును దుకాణములోనే తేల్చుకొనవలయును. తొడుగుట ఒక చిన్న తపస్సు: పాదమునకు ప్లాస్టిక్ సంచి తొడిగి కాలు జార్చి, గోళ్లు తగులనీయక వ్రేళ్ల కొసలతో కొంచెము కొంచెముగా పైకి నెట్టుకొనుచు, కాళ్లసందున ఏమాత్రము వెలితి లేకుండ చేసి, ఆ పిమ్మటనే చేతులు దూర్చవలయును. క్రింద మిగిలిన వెలితియే పైన భుజములను పట్టి లాగును. వీపు జిప్పు మూసిన తరువాత చేయి తలపైకెత్తిన, చంకనుండి మణికట్టు దాక గుంజుడు ఉండరాదు. కడుపునిండ ఊపిరి పట్టవలయును. మెడపట్టీ అంటియుండవలయును గాని గొంతు నులుమరాదు. నేలపై అతి బిగువనిపించినది నీటిలో కొంత సడలును. నేలపై హాయిగా నున్నది నీటిలో సంచియగును.

డైవింగు తొడుగును ఈతకు కొనుట మన వారు తరచు చేయు పొరపాటు. అది ఒళ్లంతయు దళసరి, పైన బట్ట అతికినది, భుజము తిరుగనీయదు. ఈతతొడుగు నున్నగా నుండి, రొమ్మున తొడలయందు దళసరియై, భుజములకడ రెండు మిల్లీమీటర్లకు మించకుండ నుండును. ట్రయాథ్లాన్ పోటీలవారు అయిదు మిల్లీమీటర్లకు మించనీయరు, ఎందుకనగా మందము పెరిగినకొలది తేలుడును పెరుగును. కాళ్లు క్రిందికి దిగజారు మన కాలువ ఈతగాండ్రకు ఆ తేలుడు వరమువలె తోచును. ఆ ధైర్యముతో ఒడ్డు విడిచి దూరము పోవుదురు, అదే చిక్కు. మిక్కిలి చన్నీటిలో తలకు నియోప్రీన్ టోపీ కూడ కావలయును. తొడుగు ఎంత మంచిదైనను మొదటి నిమిషములలో మెల్లగా దిగి, ముఖము తడుపుకొని, ఊపిరి కుదుటపడువరకు నిలువవలసినదే.

ఈ తొడుగులను ఆన్‌లైనున తెప్పించి ఓడలరేవున ఈదదలచు ఉత్సాహవంతులకు నా సలహా, ఆ సొమ్ము దాచుకొనుడని. 25 డిగ్రీల నీటిలో రబ్బరు తొడిగి గట్టిగా ఈదినచో ఒళ్లు ఉడికిపోవును.

మేనల్లునికి అతని సహోద్యోగి యొకడు తాను వాడి విడిచిన వెట్‌సూటును ఊరకనే యీయజూపగా, తొడిగి, బొమ్మ తీసి నాకు పంపెను. నడుము వెనుక పిడికిలి దూరునంత సందున్నది. మోకాలి మడతలో రబ్బరు పగుళ్లువారినది. ఊరక వచ్చినదే కదా అని వాడు నసిగెను. తిరిగి ఇచ్చివేసి, అద్దెకిచ్చు దుకాణమునకు పొమ్మంటిని. అచట ఒకదాని తరువాత నొకటి తొడిగి, చేతులెత్తి, వంగి, కూర్చుండి చూచి, కుదిరినదానితో ఒక నెల ఒడ్డు వెంబడినే ఈదిన పిదప, అప్పుడు కొనుమంటిని.

— గౌతమీతీరవాసి