పుట్టకు పాలు, పాముకు కర్ర

దీపావళి అయిన నాలుగో రోజు, కార్తీక శుద్ధ చవితి నాడు, మా ఇంట్లో తెల్లవారకముందే లేపేస్తారు. తలకు పోసుకుని, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు, ఆవుపాలు పట్టుకుని ఊరి చివర పుట్ట దగ్గరికి పోతాము. మా హోసూరు పక్క ఇది ఒక్క తెలుగువాళ్ల భక్తే కాదు. కన్నడం వాళ్లు శ్రావణంలో నాగర పంచమి చేస్తారు. తమిళం వాళ్లు ఆడి నెలలో అమ్మవారి గుడి పుట్టకు పాలు, గుడ్లు పెడతారు. మూడు భాషల వాళ్లమూ పాముకు మొక్కుతాము. ఆ పాము నిజంగా కనబడితే మాత్రం మూడు భాషల్లోనూ ఒకటే మాట: "కొట్టు!"

పోయిన ఏడు చవితి అయిన మూడో రోజు మా వీధిలోకి ఒక పాము వచ్చింది. మొన్న పుట్ట చుట్టూ తిరిగి దండం పెట్టినవాళ్లే కర్రలు తెచ్చారు. చచ్చినాక చూస్తే అది జెర్రిపోతు. విషం లేనిది, ఎలుకలు తిని బతికేది. దాన్ని కాలవ గట్టున పారేసి వచ్చి అందరూ కాఫీ తాగారు. నేనూ అక్కడే నిలబడి చూశాను, ఒక్క మాటా అనలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పెద్దలు కోపం చేసుకోవద్దు. ఆ పాలు పాముకు ఏం మేలు చేస్తాయి? పాలు దాని తిండి కాదు, దానికి అరగవు. పాములాడించేవాళ్లు రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండబెడితే దప్పికకు తాగుతుంది. అది చూసి మనం మహిమ అనుకుంటాము. ఇక పుట్ట కట్టింది చెదలు. ఎలుకల కోసమో, చల్లదనం కోసమో పాము అందులో దూరుతుంది. చెంబులకొద్దీ పాలు పోసి దాని ఇల్లు మనమే బురద చేస్తున్నాము.

ఈ మాట అంటే మా అవ్వ "నాలుగు అక్షరాలు రాగానే దేవుణ్ణే తప్పు పడతావా" అంది. నేను దేవుణ్ణి ఏమీ అనలేదు. భారతం మొదట్లోనే ఉంది కదా! తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కరిచాడని జనమేజయుడు సర్పయాగం చేశాడు. పాములన్నీ మంటలో పడుతుంటే ఆపినవాడు ఆస్తీకుడు, వాసుకి చెల్లెలి కొడుకు. అతను పాలు పోయలేదు, చంపడం ఆపమని రాజును అడిగాడు. మనం పామును చూడగానే ఆస్తీకుడి పేరు తలుచుకుంటాము, చేసేది జనమేజయుడి పని.

"మరి కరిస్తే ఎవరు దిక్కు?" అనేది అవ్వ రెండో ప్రశ్న. మంచి ప్రశ్నే. ఆసుపత్రే దిక్కు, మంత్రం కాదు. అక్కడ వేసే సూదిమందు తయారీకి పాము విషమే కావాలి. మన తమిళనాడులోనే, మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుళర్ల సహకార సంఘం ఉంది, 1978లో పెట్టారు. ఒకప్పుడు చర్మాల కోసం పాములు పట్టినవాళ్లే ఇప్పుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర లాంటివి పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. విషప్పామునే వాళ్లు ప్రాణంతో వదిలితే, మనం జెర్రిపోతును కూడా వదలలేమా? ఫైర్ సర్వీసుకు ఫోన్ చేస్తే వాళ్లొచ్చి పట్టుకుపోతారు. పామును చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

ఈ చవితికి చెంబు నా చేతికిస్తే పాలు పుట్టలో పోయను. రావిచెట్టు కింద నాగరాళ్లున్నాయి, వాటికి అభిషేకం చేస్తాను. అవ్వ ఇంకా ఒప్పుకోలేదు. "పుట్టమన్నైనా చెవులకు పెట్టుకుంటావా లేదా?" అని అడిగింది.

పెట్టుకుంటాను అన్నాను.